తెలుగునాట విద్యాచరిత్ర - బోధనలో అపోహలు: గోదావరి మండల ఆధారాల పరిశీలన

వ్యాస సంగ్రహం:

ఆంగ్లేయుల రాకకు ముందు తెలుగు సమాజంలో చదువు ఎలా ఉండేదన్న ప్రశ్నకు నేటి తరగతి గదులలో పరస్పర విరుద్ధమైన రెండు సమాధానాలు వినిపిస్తున్నాయి. ఊరూరా అందరికీ చదువు ఉండేదని, దానిని మెకాలే నాశనం చేశాడని చెప్పేది మొదటిది. చదువన్నదే లేని చీకటిలోకి ఆంగ్లేయులు వెలుగు తెచ్చారని చెప్పేది రెండవది. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల నుండి పాఠశాలల వరకు ఈ రెండూ ప్రచారంలో ఉన్నాయి. 1822-26 నాటి మన్రో విద్యా విచారణలోని రాజమండ్రి కలెక్టరేటు లెక్కలు, 1850వ దశకంలో గోదావరి డెల్టాలో వచ్చిన బడిపన్ను వ్యవస్థ, భాషాబోధన వివాదాలు ఆధారంగా ఈ అపోహలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: మన్రో విచారణ, వీధిబడి, రాజమండ్రి కలెక్టరేటు, మెకాలే, బాలశిక్ష, బడిపన్ను, కపిలేశ్వరపురం.

1. ఉపోద్ఘాతం:

విద్యార్థి తప్పుగా గ్రహించిన విషయాన్ని ఉపాధ్యాయుడు సరిదిద్దుతాడన్నది బోధనకు మూలమైన నమ్మకం. అయితే ఆ తప్పు ఉపాధ్యాయునికి కూడా ఉన్నప్పుడు అది సరిదిద్దబడదు. ప్రామాణికత పొంది తరువాతి తరానికి చేరుతుంది. గణితంలోనో భౌతికశాస్త్రంలోనో ఇటువంటి పొరపాటు లెక్క తప్పినప్పుడు, ప్రయోగం విఫలమైనప్పుడు బయటపడుతుంది. చరిత్రలో అలా బయటపడే సందర్భాలు తక్కువ. వినడానికి ఇంపుగా ఉన్న కథనం పరీక్షలో మార్కులు కూడా తెచ్చిపెడుతుంది.

విద్యాచరిత్ర విషయంలో ఈ సమస్య మరింత తీవ్రమైనది. ఉపాధ్యాయులు తమ వృత్తికి సంబంధించిన గతాన్నే ఇక్కడ తప్పుగా తెలుసుకుంటున్నారు. పూర్వం ఎవరు చదువుకున్నారు, ఎవరికి చదువు అందలేదు, బడి ఖర్చును ఎవరు భరించారు అన్న ప్రశ్నలకు ఇచ్చే సమాధానాన్ని బట్టే నేటి బడి ఎవరికి ఏ మేరకు బాధ్యత వహించాలన్న ఆలోచన రూపొందుతుంది.

ఈ పరిశీలనకు గోదావరి మండలాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. పై రెండు కథనాలలో దేనికీ లొంగని లెక్కలు ఈ ప్రాంతం నుండే లభిస్తున్నాయి. గౌతమీ తీరంలోని కపిలేశ్వరపురం, దానికి చుట్టుపక్కల ఉన్న డెల్టా గ్రామాలు ఆనాడు రాజమండ్రి కలెక్టరేటు పరిధిలోవి. 1859లో గోదావరి జిల్లా, 1925లో తూర్పు గోదావరి జిల్లా, 2022లో కోనసీమ జిల్లా ఏర్పడుతూ ఈ సరిహద్దులు పలుమార్లు మారాయి. నేటి జిల్లా పేరుతో నాటి లెక్కలను చదవడం కూడా ఒక అపోహకు దారితీస్తుంది కాబట్టి ఈ విషయాన్ని ముందుగా గుర్తుంచుకోవాలి.

2. మన్రో విచారణ - రాజమండ్రి లెక్కలు:

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న దేశీయ విద్యాస్థితిపై విచారణకు ఆదేశించాడు. కలెక్టర్లు పంపిన నివేదికల సారాన్ని 1826 మార్చి 10 నాటి తన మినిట్‌లో క్రోడీకరించాడు. దాని ప్రకారం రాజధాని మొత్తంలో 1,28,50,941 జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి. ఇళ్లలో చదువుకునే వారిని కూడా కలిపితే అయిదు నుండి పదేళ్ల వయసు గల మగపిల్లలలో మూడవ వంతుకు దగ్గరగా ఏదో ఒక మేరకు చదువు అందుతున్నదని మన్రో అంచనా వేశాడు. "చదువన్నదే లేని చీకటి" అన్న కథనాన్ని ఈ ఒక్క పత్రమే కొట్టివేస్తుంది. పైగా ఈ పత్రం రాసినది పాలకుడే గాని, పాలనను విమర్శించిన వ్యక్తి కాదు.

అయితే రాజధాని సగటును గోదావరి మండలానికి యథాతథంగా అన్వయించలేము. రాజమండ్రి కలెక్టరు 1823లో పంపిన నివేదికలో 291 బడులు, 2,658 మంది విద్యార్థులు కనిపిస్తారు. నాటి లెక్కలో కలెక్టరేటు జనాభా సుమారు 7,38,000. అనగా రెండున్నర వేల మందికి పైగా జనానికి ఒక బడి. ఒక్కొక్క బడిలో సగటున తొమ్మిది మంది పిల్లలు. రాజధాని మొత్తంలో బడికి సగటున పదిహేను మంది ఉన్నారు. సాధారణ చదువు విషయంలో ఈ మండలం సగటు కంటే బాగా వెనుకబడి ఉందని దీనివల్ల తెలుస్తుంది.

ఉన్నత విద్య లెక్క ఇందుకు పూర్తిగా భిన్నమైనది. వేదశాస్త్రాలు బోధించే విద్యాస్థానాలు రాజధాని మొత్తంలో 1,094 నమోదు కాగా, వాటిలో 279 రాజమండ్రి కలెక్టరేటులోనే ఉన్నాయి. సంఖ్యలో దీనిదే ప్రథమస్థానం. కోయంబత్తూరు 173తో, గుంటూరు 171తో దీని తరువాతి స్థానాలలో ఉన్నాయి. ఈ 279 స్థానాలలో 1,454 మంది చదువుతున్నారు. ఒక్కొక్క గురువు వద్ద సగటున అయిదుగురు. గురువులలో 69 మందికి భూమి మాన్యాలు, 13 మందికి పూర్వపు జమీందార్లు ఏర్పరచిన నగదు భృతులు ఉన్నట్లు రికార్డులు చెబుతున్నాయి.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడే గోదావరి మండలపు నిజస్థితి కనిపిస్తుంది. శాస్త్రవిద్యలో రాజధానికే తలమానికంగా ఉన్న ప్రాంతం అక్షరవిద్యలో సగటును కూడా అందుకోలేదు. అగ్రహారాలలో వేదఘోష వినిపించినంత మాత్రాన ఊరిలోని పిల్లలందరికీ ఓనమాలు వచ్చినట్లు కాదు. మొదటి లెక్కను మాత్రమే చూపేవారు చీకటి కథ చెప్పగలరు. రెండవ దానిని మాత్రమే చూపేవారు స్వర్ణయుగ కథ చెప్పగలరు.

3. "అన్ని కులాల వారికీ చదువు" - ఒక సాధారణీకరణ:

మన్రో విచారణ పత్రాలను ధరంపాల్ 1983లో ప్రచురించిన 'ది బ్యూటిఫుల్ ట్రీ' గ్రంథం విస్తృత చర్చలోకి తెచ్చింది. గాంధీజీ 1931 అక్టోబరులో లండన్‌లో చేసిన ప్రసంగంలోని పోలికే ఆ గ్రంథానికి పేరయింది. గాంధీజీ వాదనను ఫిలిప్ హార్టాగ్ ఖండించడంతో నడిచిన వాదోపవాదాలు కూడా విద్యాచరిత్రలో భాగమే. ధరంపాల్ చేసిన సేవ గొప్పది. అయితే ఆ గ్రంథంలోని పట్టికలు చూడకుండా దాని సారాంశాన్ని మాత్రమే వల్లించడం వల్ల ఒక అపోహ స్థిరపడింది. నాటి బడులలో శూద్రులు, ఇతర కులాల వారే అధిక సంఖ్యాకులన్నది ఆ అపోహ.

తమిళ జిల్లాల విషయంలో ఇది నిజం. అక్కడ శూద్రులు, 'ఇతర కులాలు' కలిపి విద్యార్థులలో 70 నుండి 84 శాతం వరకు ఉన్నారు. రాజమండ్రి లెక్క వేరు. ఇక్కడి 2,621 మంది బాలురలో బ్రాహ్మణులు 904, వైశ్యులు 653, శూద్రులు 466, ఇతర కులాల వారు 546, ముస్లింలు 52 మంది. జనాభాలో అత్యధికులైన శూద్రులు, ఇతర కులాల వారు కలిసినా బడిలో నూటికి 39 మందికి మించలేదు. తమిళ మండలపు శాతాన్ని మొత్తం దక్షిణ దేశానికి, అక్కడి నుండి మొత్తం భారతదేశానికి అన్వయించడం ఆధారాలకు విరుద్ధం.

'ఇతర కులాలు' అన్న నిలువు వరుసను నేటి షెడ్యూల్డు కులాలుగా చదవడం మరొక పొరపాటు. ఆ వరుసలో ఏ కులాలు చేరాయో పట్టిక చెప్పదు. చేతివృత్తుల వారు, ఇతర జాతుల వారు కూడా అందులో ఉండవచ్చు. దీని ఆధారంగా మాల, మాదిగ పిల్లలు అగ్రవర్ణాల పిల్లలతో కలిసి కూర్చుని చదివారని తరగతిలో చెప్పడం రికార్డు చెప్పని మాటను దానికి అంటగట్టడమే. ఆ మాట ఎంత సదుద్దేశంతో చెప్పినా, బడి గడప దాటలేని వారి అనుభవాన్ని చరిత్ర నుండి చెరిపివేస్తుంది. డెల్టాలో దళితుల చదువుకు దారి తీసిన ప్రయత్నాలను వేరుగా పరిశీలించాలి. 1830వ దశకంలో నరసాపురం కేంద్రంగా మొదలైన గోదావరి డెల్టా మిషన్ వంటి క్రైస్తవ సంస్థల బడులు, ఇరవయ్యవ శతాబ్దిలో రాజమండ్రి నుండి కుసుమ ధర్మన్న సాగించిన ఆదిఆంధ్ర ఉద్యమం అందులోకి వస్తాయి.

బాలికల విషయంలో లెక్క మరింత స్పష్టం. రాజమండ్రి కలెక్టరేటు మొత్తంలో బడికి వచ్చిన ఆడపిల్లలు 37 మంది. నూటికి ఇద్దరు కూడా లేరు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించడం ఎంత అవసరమైన చర్యో ఈ సంఖ్యను బట్టి అర్థమవుతుంది.

అదే సమయంలో ఈ లెక్కలకు పరిమితులు ఉన్నాయి. ఇంటివద్ద చదువుకునేవారు చాలా జిల్లాల నివేదికలలో చేరలేదు. మద్రాసు నగరంలో ఇళ్లలో చదివేవారు 26,963 మంది అని కలెక్టరు రాయగా, ఆ సంఖ్యలో ఏదో పొరపాటు ఉండవచ్చునని మన్రో స్వయంగా సందేహించాడు. తన ముందున్న అంకెను ఇలా ప్రశ్నించిన పద్ధతినే నేటి చరిత్ర విద్యార్థి అలవరచుకోవాలి.

4. మెకాలే చుట్టూ అల్లుకున్న కథ:

మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో ప్రసంగిస్తూ, భారతదేశమంతటా తిరిగినా తనకొక్క బిచ్చగాడు గాని దొంగ గాని కనిపించలేదని, ఈ దేశపు వెన్నెముక విరవడానికి దాని విద్యను మార్చాలని అన్నాడన్న వాక్యం ఎన్నో పాఠశాలల గోడలపై, ఉపన్యాసాలలో కనిపిస్తుంది. ఆ తేదీన మెకాలే పార్లమెంటులో లేడు. 1834 జూన్‌లో మద్రాసులో దిగిన ఆయన అప్పటికి కలకత్తాలో గవర్నర్ జనరల్ మండలి సభ్యుడు. ఆ తేదీతో ఆయన రాసినది ప్రసిద్ధమైన విద్యా మినిట్. ప్రచారంలో ఉన్న ఈ వాక్యాలు అందులో లేవు. ఆ మినిట్‌లో ఉన్నది దీనికి వ్యతిరేకం. భారతీయ, అరబ్బీ విద్యలపై తీవ్రమైన తృణీకార భావం.

కల్పిత వాక్యం వల్ల కలిగే నష్టం ఇక్కడే ఉంది. అది మెకాలే చేత మన గతాన్ని పొగిడిస్తుంది. అసలు మినిట్ ఆ గతాన్ని ఎంతగా నిరసించిందో విద్యార్థికి తెలియకుండా పోతుంది. వలస విద్యావిధానాన్ని విమర్శించదలచిన ఉపాధ్యాయునికి కల్పన అవసరం లేదు, మూలపత్రమే చాలు.

మెకాలే మినిట్ పరిధి గురించి కూడా అపోహ ఉంది. 1813 చార్టరు చట్టం విద్య కోసం కేటాయించిన లక్ష రూపాయలను సంస్కృత, అరబ్బీ విద్యలకు ఖర్చు చేయాలా, ఆంగ్లవిద్యకా అన్నది అందులోని ప్రధాన వివాదం. గోదావరి తీరపు వీధిబడుల ప్రస్తావన అందులో లేదు. వాటి క్షీణతకు కారణాలను బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17 నాటి నివేదికలోనే, అంటే మెకాలేకు పన్నెండేళ్ల ముందే పేర్కొన్నాడు. ఆయన జిల్లాలో 9,27,857 జనాభాకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ప్రజల పేదరికం పెరగడం, ఐరోపా వస్త్రాల రాకతో నేతవృత్తి దెబ్బతినడం, పూర్వపు రాజుల పోషణ ఆగిపోవడం బడులను కుంగదీశాయని ఆయన రాశాడు. ఉపాధ్యాయునికి నెలకు ఆరేడు రూపాయలకు మించి రాబడి లేదని, అంత తక్కువకు యోగ్యులు ఈ వృత్తిలోకి రారని మన్రో గుర్తించాడు. కాబట్టి వీధిబడి పతనం ఒక వ్యక్తి కుట్రకు గాని, ఒక రోజు నిర్ణయానికి గాని తగ్గించదగిన విషయం కాదు. అది రాబడి, పన్ను, పోషణలకు సంబంధించిన ఆర్థిక చరిత్ర.

5. బట్టీయం, భాష, బాలశిక్ష:

అర్థం తెలియకుండా వల్లె వేయడం ఆంగ్లేయుల పరీక్షలతోనే వచ్చిందని కొందరు, అది మన గురుకులాల లక్షణమని మరికొందరు భావిస్తారు. క్యాంప్‌బెల్ నివేదిక ఈ చర్చకు అక్కరకు వస్తుంది. తెలుగు వ్యాకరణం రాసిన ఈ అధికారి, పిల్లలు వల్లించే పద్యాల భాష వారి వాడుకభాషకు దూరమైనదని, దాని అర్థం పిల్లలకు తెలియదని, తరచుగా గురువుకు కూడా తెలియదని రాశాడు. అదే నివేదికలో ఇసుకలో దిద్దించే పొదుపును, పై తరగతి పిల్లలు కింది వారికి నేర్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. ఆ పద్ధతిని మద్రాసులో గమనించిన ఆండ్రూ బెల్ 1797లో ఇంగ్లండులో ప్రచారం చేయడం తెలిసిందే. మన బడి ఒక విషయంలో ప్రపంచానికి పాఠం చెప్పింది. మరొక విషయంలో తన పిల్లలకే పాఠం అర్థమయ్యేలా చెప్పలేకపోయింది. ఈ రెండూ ఒకే నివేదికలో ఉన్నాయి.

క్యాంప్‌బెల్ చూపిన భాషాసమస్య తొంభై ఏళ్ల తరువాత కూడా తీరలేదు. 1910వ దశకంలో గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు బడిలో వాడుకభాషకు చోటు కావాలని వాదించినప్పుడు వారి ప్రధాన వాదన సాహిత్యానికి కాక బోధనకు సంబంధించినది: పిల్లవానికి తెలియని భాషలో వాని ఆలోచనను రాయమనడం సరికాదు. కోనసీమలోని ముక్తేశ్వరంలో జన్మించిన జయంతి రామయ్య పంతులు గ్రాంథికవాదులకు నాయకత్వం వహించారు. ఈ వివాదాన్ని కవిపండితుల తగవుగా మాత్రమే బోధించడం వల్ల, అది మూలంలో తరగతి గదిలోని పిల్లవాని గురించి జరిగిన చర్చ అన్న సంగతి మరుగున పడుతోంది.

పెద్దబాలశిక్షను ప్రాచీన గురుకులాల పాఠ్యగ్రంథంగా పేర్కొనడం కూడా తరచుగా వినిపిస్తుంది. దానికి మూలమైన బాలశిక్షను పుదూరు సీతారామశాస్త్రి రచించగా 1832లో మద్రాసులో అచ్చయింది. సంప్రదాయ విషయాలను అచ్చుయంత్రపు కాలానికి తగినట్లు కూర్చిన ఆధునిక పాఠ్యపుస్తకం అది. దాని గొప్పతనం ప్రాచీనతలో లేదు.

6. డెల్టా రైతుల బడిపన్ను:

"ప్రజల చదువు ప్రభుత్వ దానం" అన్నది రెండవ కథనంలో భాగం. 1854 నాటి ఉడ్స్ డెస్పాచ్‌తో ఆధునిక విద్య పై నుండి కిందికి దిగివచ్చిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. గోదావరి డెల్టా అనుభవం దీనిని సవరిస్తుంది. 1850వ దశకంలో నరసాపురంలో సబ్ కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ అక్కడ, పాలకొల్లు, ఆచంట, పెనుగొండ వంటి చోట్ల బడులు ఏర్పరచే ప్రయత్నం ప్రారంభించాడు. వాటిని చూసిన రైతులు తమ గ్రామాలకు కూడా బడులు కావాలని, అందుకు శిస్తుతోపాటు కొంత మొత్తం చెల్లిస్తామని ముందుకు వచ్చారు. ఇవే 'రేట్ స్కూళ్లు'గా మద్రాసు రాజధానిలో ప్రసిద్ధి పొందాయి. గోదావరిలో అప్పటికే నడుస్తున్న ఈ పద్ధతికి చట్టబద్ధత కల్పించవలసిన అవసరమే 1863 మద్రాసు విద్యాచట్టానికి ప్రధాన ప్రేరణ. 1871 స్థానిక నిధుల చట్టం వచ్చేదాకా ఆ ఏర్పాటు కొనసాగింది.

కాలక్రమం గమనార్హం. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో పూర్తయింది. కాలువనీటితో చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న రైతు తన పిల్లల చదువుకు పన్ను కట్టడానికి సిద్ధపడ్డాడని భావించడం సమంజసం. అయితే ఇక్కడ కూడా మరొక స్వర్ణయుగాన్ని నిర్మించుకోరాదు. శిస్తుతో కలిపి వసూలైన పన్ను ఎంతవరకు ఐచ్ఛికమన్న ప్రశ్న ఆనాడే తలెత్తింది. పన్ను పొలం మీద పడింది. ఆ పొలంలో పనిచేసిన కూలీ పిల్లలు ఆ బడిలో ఎందరు కూర్చున్నారన్నది మరొక ప్రశ్న. అయినప్పటికీ, తెలుగు పల్లె తన బడిని తానే అడిగి, తన సొమ్ముతో నిలుపుకున్న ఈ ఘట్టానికి మన పాఠ్యాంశాలలో ఒక పేరా కూడా దక్కకపోవడం విచారకరం.

7. బడి వెలుపలి విద్య - కపిలేశ్వరపురం:

లెక్కలలో చేరని విద్య మరొకటి ఉంది. పురాణ కాలక్షేపం, హరికథ, వీధినాటకం ద్వారా అక్షరం రానివారికి కూడా ఇతిహాసం, నీతి, ఛందస్సు నడక అందాయి. అక్షరాస్యతనే విద్యగా లెక్కించే అలవాటు దీనిని చూడనివ్వదు. అలాగని ఇది బడికి ప్రత్యామ్నాయమని చెప్పడం కూడా తప్పే. హరికథ విన్న రైతుకూలీ తన అప్పుపత్రాన్ని చదువుకోలేడు.

ఈ విద్యకు ఆధునిక కాలంలో సంస్థాగత రూపం ఇచ్చిన గ్రామం కపిలేశ్వరపురం. ఇక్కడి జమీందారీ కుటుంబానికి చెందిన ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు 1970వ దశకంలో స్థాపించిన సర్వారాయ హరికథా పాఠశాల బాలికలకు హరికథాగానంలో శిక్షణ ఇచ్చింది. సంప్రదాయవిద్య అనగానే పురుషుల విద్య అని, మార్పులేనిదని భావించే విద్యార్థికి ఈ పాఠశాల మంచి పాఠం. ఆదిభట్ల నారాయణదాసు తీర్చిదిద్దిన కళను ఆడపిల్లలకు గురుకుల పద్ధతిలో నేర్పడం పాత విద్య కాదు, పూర్తిగా కొత్తదీ కాదు. 1823 పట్టికలో 37కే పరిమితమైన బాలికల సంఖ్య పక్కన ఈ పాఠశాలను ఉంచి చూస్తే, సంప్రదాయం కూడా చారిత్రకంగా మారుతుందని అర్థమవుతుంది.

8. అపోహలు నిలవడానికి కారణాలు - బోధనకు సూచనలు:

పై అపోహలన్నింటికీ మూలంలో ఒకే పొరపాటు కనిపిస్తుంది. 'పూర్వకాలపు చదువు' అన్న ఏకవచనం కింద వేదపాఠశాల, వీధిబడి, ఇంటిచదువు, వృత్తివిద్య, పురాణశ్రవణం అన్నీ కలిసిపోతున్నాయి. వీటిలో ఒక్కొక్కదానికి ప్రవేశార్హత వేరు, పోషణ వేరు, ప్రయోజనం వేరు. వాటిని విడదీయకుండా మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పడం వల్లనే రెండు విరుద్ధ కథనాలు పక్కపక్కనే బతుకుతున్నాయి.

దీనికి మూడు సూచనలు చేయవచ్చు. మొదటిది, ఉపాధ్యాయ శిక్షణలో విద్యాచరిత్రను సంఘాలు, కమిషన్ల తేదీల పట్టికగా కాక మూలపత్రాల పఠనంగా బోధించాలి. మన్రో మినిట్, క్యాంప్‌బెల్ నివేదిక, రాజమండ్రి పట్టికలను తెలుగులో సులభంగా అందుబాటులోకి తేవాలి. రెండవది, ప్రతి సాధారణీకరణను స్థానిక లెక్కతో పరీక్షించే అభ్యాసం పెట్టాలి. తమిళ జిల్లాల శాతం, తెలుగు జిల్లాల శాతం పక్కపక్కన రాయమంటే విద్యార్థి తానే తేడాను గుర్తిస్తాడు. మూడవది, ఏదైనా ప్రసిద్ధ వాక్యం ఎదురైనప్పుడు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ పత్రంలో అన్నారని అడగడం నేర్పాలి. మెకాలే పేరిట ఉన్న వాక్యం ఈ నాలుగు ప్రశ్నలలో రెండవదానికే నిలవదు.

9. ముగింపు:

రాజమండ్రి కలెక్టరేటులోని 279 విద్యాస్థానాలు ఈ నేలకు గర్వకారణమే. అదే కలెక్టరేటులో ఏడు లక్షల పైచిలుకు జనానికి 2,658 మంది పిల్లలే బడిలో ఉండటం ఆ గర్వానికి హద్దు చూపుతుంది. ఈ రెండు సంఖ్యలనూ ఒకే తరగతిలో, ఒకే నల్లబల్లపై రాయగలిగిన ఉపాధ్యాయుడు విద్యార్థికి గతాన్ని పొగడటమో తెగడటమో నేర్పడు. దానిని చదవడం నేర్పుతాడు. బడి ఎవరిది అన్న ప్రశ్న 1823లో ఎంత అవసరమో నేడూ అంతే అవసరం. దానికి నిజాయితీగల సమాధానం వెతకడం విద్యాచరిత్ర బోధనకు ప్రథమ కర్తవ్యం కావాలి.